కిలో ఎండుగడ్డి నుంచి ఇంధన ఇథనాల్: అడుగడుగునా తూకంతో

ఎండిన గడ్డి బరువులో సగానికి పైగా చక్కెరే. కాకపోతే నాలుక్కి తగిలే రూపంలో ఉండదు. గ్లూకోజ్ అణువులు వేలకొద్దీ గొలుసుకట్టుగా చేరి సెల్యులోజ్ పోగులవుతాయి. ఆ పోగుల మధ్య జైలోజ్ అనే మరో చక్కెరతో అల్లిన హెమిసెల్యులోజ్ ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి లిగ్నిన్ జిగురులా పట్టి ఉంచుతుంది. ఆ జిగురు వదిలించాలి, గొలుసులు తెంచాలి, వచ్చిన చక్కెరను ఈస్ట్‌కు పెట్టాలి, చివరికి నీళ్లలోంచి ఇథనాల్‌ను వేరుచేయాలి. పని మొత్తం ఇంతే.

ఈ పనిలో చాలామంది దెబ్బతినేది రసాయనశాస్త్రం రాక కాదు, నీళ్లు ఎక్కువ పోసి. కలపడం తేలికవుతుందని పోసిన ప్రతి లీటరునూ చివర్లో కాచి వదిలించుకోవాల్సి వస్తుంది. అందుకే కింద ఒక కిలో పొడి గడ్డితో మొదలుపెట్టి, ప్రతి మెట్టు దగ్గరా ఎంత ఉంది, ఎంత పోయింది అన్న లెక్క రాసుకుంటూ వెళ్తాం. తూకం లేకుండా చేస్తే ఎక్కడ తప్పు జరిగిందో ఎప్పటికీ తేలదు.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఇంధనం కోసమే అయినా ఇథనాల్ బట్టీ పెట్టడానికి చాలా దేశాల్లో అనుమతి కావాలి. అది చేతికొచ్చాకే బట్టీ వెలిగించండి. ఇలా వచ్చే సరుకు తాగడానికి పనికిరాదు.

గడ్డి ఎంపిక, చెమ్మ లెక్క

వరిగడ్డి, గోధుమ గడ్డి, మొక్కజొన్న చొప్ప, చెరకు పిప్పి ఈ పద్ధతికి బాగా లొంగుతాయి. పైన్ లాంటి మెత్తకలప చెట్ల పొట్టు లొంగదు. దాని లిగ్నిన్ ఎక్కువ, గట్టిది కూడా; క్షారంలో ఉడికించినా గొలుసులు తెంచే ఎంజైమ్‌కు దారి ఇవ్వదు. కొత్తగా చేసేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు.

గడ్డిని తూచేముందు చెమ్మ తేల్చుకోవాలి. 100 గ్రాములు తీసి 105 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో బరువు ఇక తగ్గనంతవరకు ఉంచండి. 88 గ్రాములకు దిగిందనుకుంటే, ఒక కిలో పొడి గడ్డి కావాలంటే మామూలు గడ్డి 1136 గ్రాములు తూచుకోవాలి. ఇక్కడి లెక్కలన్నీ పొడి బరువు మీదే.

సగటు గడ్డిలో సెల్యులోజ్ 36 శాతం, జైలాన్ (హెమిసెల్యులోజ్‌లోని జైలోజ్ గొలుసు) 20 శాతం ఉందనుకుందాం. గొలుసు తెగేటప్పుడు ప్రతి ముక్కకూ ఒక నీటి అణువు చేరుతుంది కాబట్టి 1 గ్రాము సెల్యులోజ్ 1.11 గ్రాముల గ్లూకోజ్ ఇస్తుంది. 1 గ్రాము జైలాన్ 1.136 గ్రాముల జైలోజ్ ఇస్తుంది. 1 గ్రాము చక్కెర నుంచి ఎంత గింజుకున్నా 0.511 గ్రాముల ఇథనాల్‌కు మించి రాదు, మిగతాది కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. అంటే మన కిలోలో 400 గ్రాముల గ్లూకోజ్, 227 గ్రాముల జైలోజ్ దాగి ఉన్నాయి. కాగితం మీద ఇథనాల్ 320 గ్రాములు, అంటే దాదాపు 406 మిల్లీలీటర్లు. ఇది పైకప్పు. ఇందులో సగం చేతికొచ్చినా బాగా చేసినట్టే.

గడ్డిని 2 నుంచి 5 మిల్లీమీటర్ల ముక్కలుగా కొట్టించండి. పిండిలా మరీ మెత్తగా చేస్తే కరెంటు దండగ, పైగా తర్వాత వడకట్టేటప్పుడు గుడ్డ పూడుకుపోతుంది. కొట్టాక జల్లెడ పట్టి మట్టి, ఇసుక దులిపేయండి. నల్ల మచ్చలు పడి బూజు వాసన కొట్టే గడ్డిని పక్కన పడేయండి. అందులో చక్కెర కొంత బూజే తినేసి ఉంటుంది, మిగిలినదానికి బ్యాక్టీరియాను తోడు తెస్తుంది.

లిగ్నిన్ వదిలించడం

ఈ మెట్టుకు దారులు చాలా ఉన్నాయి. పెద్ద ప్లాంట్లలో 180 నుంచి 210 డిగ్రీల ఆవిరిలో కొన్ని నిమిషాలు ఉంచి ఒత్తిడిని ఒక్కసారిగా వదిలేస్తారు, పీచు పేలి విచ్చుకుంటుంది. ఒక శాతం లోపు సల్ఫ్యూరిక్ ఆమ్లంతో 140 నుంచి 190 డిగ్రీల దగ్గర వండే పద్ధతీ ఉంది. ఆ వేడిలో జైలోజ్ విరిగి ఫర్ఫ్యూరాల్, గ్లూకోజ్ విరిగి హైడ్రాక్సీమిథైల్ ఫర్ఫ్యూరాల్ అవుతాయి. రెండూ ఈస్ట్‌ను నిద్రపుచ్చే పదార్థాలే. చిన్న స్థాయిలో వాటితో కుస్తీ పట్టడం కన్నా కాస్టిక్ సోడా దారి నయం. ఖర్చు ఎక్కువే, నీళ్లూ ఎక్కువే, కానీ ఫలితం నిలకడగా వస్తుంది.

కిలో పొడి గడ్డికి 100 గ్రాముల కాస్టిక్ సోడా, 8 లీటర్ల నీళ్లు. సోడాను నీళ్లలో కొద్దికొద్దిగా వేస్తూ కలపండి. సోడా మీద నీళ్లు పోస్తే కుతకుతలాడి మొహం మీదికి చిమ్ముతుంది. కళ్లద్దాలు, మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లవుజులు తప్పనిసరి. గడ్డిని ముంచి అరగంట నాననిచ్చి, స్టెయిన్‌లెస్ స్టీల్ గిన్నెలో పెట్టి ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరితో ఉడికించే ల్యాబ్ పరికరం) 121 డిగ్రీల దగ్గర, అంటే 15 పీఎస్‌ఐ ఒత్తిడిలో, 60 నిమిషాలు ఉడికించండి.

వంటింటి ప్రెషర్ కుక్కర్ ఈ పనికి వద్దే వద్దు. కారణాలు రెండు. చాలా కుక్కర్లు అల్యూమినియంవి. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తూ హైడ్రోజన్ వదులుతుంది. రెండోది, గడ్డి ఉడికేటప్పుడు దిగే నల్లరసం సబ్బు నీళ్లలా నురుగు పొంగుతుంది. నురుగుతో పాటు లేచిన పీచు ఆవిరి రంధ్రానికి అడ్డం పడితే కుక్కర్ బాంబే. ఆటోక్లేవ్‌లోనైనా గిన్నెను మూడింట రెండు వంతులకు మించి నింపకండి, ఒత్తిడి దానంతట అది దిగేదాకా మూత ముట్టుకోకండి. ఆటోక్లేవ్ లేకపోతే స్టీలు పాత్రలో మూత వదులుగా పెట్టి 90 డిగ్రీల దగ్గర 4 గంటలు ఉంచవచ్చు. లిగ్నిన్ కాస్త తక్కువ పోతుంది, అంతే.

సరిగ్గా ఉడికిందో లేదో వేళ్లకే తెలుస్తుంది. ఒక ముక్క తీసి కడిగి నలిపితే తడి దూదిలా పోగులుపోగులుగా విడిపోవాలి. కణుపులు మాత్రం గట్టిగానే ఉంటాయి, వాటి గురించి బెంగపడనక్కర్లేదు. కాండం ముక్క ఇంకా పుల్లలా విరుగుతోందంటే వేడి లోపలి దాకా చేరలేదు. గిన్నెలో గడ్డిని మరీ కుక్కినప్పుడు ఇలా జరుగుతుంది.

కడగడం: ఇక్కడే తొందరపడతారు

గుడ్డలో పోసి పిండితే కాఫీ డికాక్షన్ రంగులో నల్లరసం దిగుతుంది. కడగడం ఎందుకు, ఆమ్లం పోసి విరిచేస్తే సరిపోదా అని అందరికీ తడుతుంది. లెక్క చూడండి. 100 గ్రాముల సోడాను సల్ఫ్యూరిక్ ఆమ్లంతో విరిస్తే 177 గ్రాముల సోడియం సల్ఫేట్ తయారవుతుంది. 8 లీటర్లలో అది లీటరుకు 22 గ్రాములు. ఆ ఉప్పులో ఈస్ట్ కుంటుతుంది, కరిగి ఉన్న లిగ్నిన్ తిరిగి పీచు మీదే పేరుకుని ఎంజైమ్‌ను పట్టేసుకుంటుంది. కాబట్టి కడగాల్సిందే. 5 లీటర్ల వేడినీళ్లతో మూడు నాలుగు సార్లు, ప్రతిసారీ గట్టిగా పిండుతూ, దిగే నీళ్లు లేత టీ రంగుకొచ్చి పీహెచ్ 8 దగ్గరికి చేరేదాకా.

తర్వాత ముద్దను కొంచెం నీళ్లలో విప్పి, 10 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని చుక్కలు చుక్కలుగా వేస్తూ పీహెచ్‌ను 5కు తేవాలి. పలుచన చేసేటప్పుడు ఎప్పుడూ ఆమ్లమే నీళ్లలోకి పోవాలి, నీళ్లు ఆమ్లంలోకి కాదు. మీటర్ 5 చూపించగానే పని అయిపోయిందనుకోకండి. పీచు లోపల దాక్కున్న క్షారం మెల్లగా బయటికి కారుతుంది. పావుగంటకు 5.6, గంటకు 6 దాటడం మామూలే. గంటాగి మళ్లీ చూసి సరిచేయండి, ఇంకో గంటకు మరోసారి. రెండుసార్లు వరసగా కదలకుండా 5 దగ్గర నిలిస్తేనే ముందుకు కదలాలి. రెండో రోజు చక్కెర రాలేదని ఎంజైమ్‌ను తిట్టుకునే సందర్భాల్లో సగం ఈ జారిపోయిన పీహెచ్‌వే.

ఇప్పుడు గట్టిగా పిండండి. చేతి బలంతో పిండితే ముద్దలో పొడి సరుకు 20 నుంచి 25 శాతం ఉంటుంది. నిల్వ ఉంచాలంటే తడిగానే కవర్లో కట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఎట్టి పరిస్థితుల్లోనూ ఎండబెట్టకండి. ఎండితే పీచులోని సూక్ష్మరంధ్రాలు మూసుకుపోతాయి, మళ్లీ నానబెట్టినా పూర్తిగా తెరుచుకోవు. ఉడికించి సంపాదించినదంతా ఎండబెట్టి పోగొట్టుకున్నట్టే.

ముద్దలోంచి 10 గ్రాములు తీసి చెమ్మ తేల్చుకోండి. పని బాగా జరిగితే కిలో గడ్డికి దాదాపు 600 గ్రాముల పొడి సరుకు మిగులుతుంది. అందులో సెల్యులోజ్ 340 గ్రాములు, జైలాన్ 130 గ్రాముల చొప్పున ఉంటాయి. 450 గ్రాములే మిగిలిందంటే కడిగేటప్పుడు గుడ్డలోంచి సన్నపీచు జారిపోయింది. 800 మిగిలితే లిగ్నిన్ అసలు కదల్లేదు.

ఎంజైమ్‌తో చక్కెర చేయడం

రెండో ప్రపంచయుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యపు నూలు గుడారాలు కుళ్లిపోతుంటే, కారణం వెతికినవాళ్లకు దొరికిన బూజు ఇప్పుడు మనం ట్రైకోడెర్మా రీసీ అని పిలిచేది. గుడారాలను తిన్న ఆ బూజు సంతతి నుంచే, సెల్యులోజ్‌ను తెంచే నేటి సెల్యులేజ్ ఎంజైమ్‌లు చాలావరకు వస్తున్నాయి.

కొనేటప్పుడు మోసపోయే చోటు ఒకటుంది. జీన్స్ బట్టలు మెరుగుపెట్టడానికీ, డిటర్జెంట్లలోకీ అమ్మే సెల్యులేజ్ ఈ పనికి చాలదు. అది గొలుసును మధ్యలో అక్కడక్కడా తెంచుతుంది తప్ప చివరల నుంచి కొరుక్కుంటూ రాదు, జంట గ్లూకోజ్ అయిన సెల్లోబయోజ్‌ను విడదీయదు. సెల్లోబయోజ్ పేరుకునేకొద్దీ ఎంజైమ్‌నే ఆపేస్తుంది. మామూలు ఈస్ట్ దాన్ని తినలేదు. గడ్డి, చొప్ప లాంటి బయోమాస్ కోసమే అమ్మే, ఆ జంటను విడదీసే బీటా గ్లూకోసిడేజ్ కలిసిన మిశ్రమమే తీసుకోండి.

మోతాదు గ్రాము సెల్యులోజ్‌కు 15 ఫిల్టర్ పేపర్ యూనిట్లు (ఎంజైమ్ బలాన్ని చెప్పే కొలత). మన 340 గ్రాములకు 5100 యూనిట్లు కావాలి. సీసాలోది మిల్లీలీటరుకు 100 యూనిట్లదైతే 51 మిల్లీలీటర్లు. ఫ్రిజ్ బయట నెలల తరబడి ఉన్న సీసా అయితే లేబుల్ మీది అంకెను నమ్మకండి.

ఇక నీళ్లు. మొత్తం ముద్దలో పొడి సరుకు 12 శాతం ఉండేలా చూద్దాం. 600 గ్రాములకు మొత్తం బరువు 5 కిలోలు. పిండిన ముద్ద 25 శాతానిదైతే దాని బరువే 2.4 కిలోలు, అందులో 1.8 కిలోల నీళ్లు ముందే ఉన్నాయి. కాబట్టి ఎంజైమ్‌తో కలిపి మనం చేర్చేది 2.6 కిలోలే. చాలామంది ముద్దలో దాగిన నీళ్లను మరిచి 5 లీటర్లు పోసేస్తారు. 5 శాతం దగ్గర చేస్తే చక్కగా గిరగిరా తిరుగుతుంది, చూడ్డానికి బావుంటుంది. తీరా చివర్లో ఇథనాల్ 1.2 శాతం తేలుతుంది, కాచేందుకు పెట్టిన వేడి వచ్చిన ఇంధనాన్ని మింగేస్తుంది. డిస్టిలేషన్‌కు, అంటే కాచి ఆవిరిని చల్లార్చి పట్టే మెట్టుకు, వెళ్లే ద్రవంలో ఇథనాల్ బరువులో 4 శాతం ఉంటేనే గిట్టుబాటు అని ఈ రంగంలో అందరూ పెట్టుకునే గీత. మన 12 శాతం ముద్దతో దాదాపు 2.9 వస్తుంది. 17 శాతం ముద్ద దాకా పోగలిగితే ఆ గీత అందుతుంది. మొదటిసారే 17తో మొదలుపెట్టకండి, కలియబెట్టే మోటారు కాలిపోతుంది.

12 శాతం దగ్గర కూడా మొదట్లో ఇది తడి మట్టిలా ఉంటుంది, పైన ఒక్క చుక్క నీరు కనపడదు. అందుకే మూడింట రెండు వంతుల ముద్ద, మొత్తం నీళ్లు, మొత్తం ఎంజైమ్‌తో మొదలుపెట్టండి. 50 డిగ్రీల దగ్గర ఆరు నుంచి ఎనిమిది గంటల్లో పీచు తెగి జావలా పలచబడుతుంది, అప్పుడు మిగతాది వేయండి. ముద్దను వేసేముందు 80 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి చల్లార్చుకుంటే కడిగేటప్పుడు చేరిన బ్యాక్టీరియా బెడద తగ్గుతుంది. ఎంజైమ్ మాత్రం చల్లారాకే పోయాలి. 60 డిగ్రీలు దాటితే అది చచ్చిపోతుంది. పీహెచ్ 4.8 నుంచి 5 మధ్య ఉండాలి.

చక్కెర ఎంతుందో చూడ్డానికి రిఫ్రాక్టోమీటర్ (ద్రవంలో వెలుగు వంగే తీరుతో చక్కెర చెప్పే పరికరం) పెడితే కరిగిన లిగ్నిన్, లవణాలు కూడా చక్కెరలా కనిపిస్తాయి. అంకె ఎంత అన్నది కాదు, పెరుగుతోందా ఆగిందా అన్నదే అది చెప్పగలదు. రక్తంలో గ్లూకోజ్ చూసే మీటర్‌ను వాడొచ్చు, అయితే గ్లూకోజ్ ఆక్సిడేజ్ రకం స్ట్రిప్పులే కావాలి. కొన్ని వేరే రకాలు జైలోజ్‌ను కూడా గ్లూకోజ్‌గా లెక్కేస్తాయి. వడకట్టిన రసాన్ని 50 రెట్లు పలుచన చేయండి. లీటరుకు 60 గ్రాములు ఉంటే మీటర్ 120 దగ్గర చూపాలి. ఆ స్ట్రిప్పులు రక్తం కోసం చేసినవి కాబట్టి, లీటరుకు 1 గ్రాము గ్లూకోజ్ కలిపిన నీళ్లను ముందు పరీక్షించండి. 100 రావాల్సిన చోట ఎంత వస్తోందో చూసి ఆ తేడాను సరిచేసుకోండి.

ఈస్ట్, తూకపు యంత్రం

గ్లూకోజ్ పెరిగేకొద్దీ ఎంజైమ్ మందగిస్తుంది. పూర్తిగా చక్కెరయ్యేదాకా మూడు రోజులు ఆగే బదులు, 24 గంటలకే 35 డిగ్రీలకు చల్లార్చి ఈస్ట్ వేసేయండి. ఎంజైమ్ ఆ వేడిలో నెమ్మదిగా తెంచుతూనే ఉంటుంది, వచ్చిన గ్లూకోజ్‌ను ఈస్ట్ ఎప్పటికప్పుడు ఖాళీ చేస్తుంటుంది. రెండిటికీ రాజీ కుదిరే వేడి ఇది. 50 డిగ్రీల ముద్దలో తొందరపడి ఈస్ట్ వేస్తే అది నిమిషాల్లో ఉడికిపోతుంది.

5 కిలోల ముద్దకు 5 గ్రాముల పొడి ఈస్ట్. 37 డిగ్రీల నీళ్లు 50 మిల్లీలీటర్లలో పావుగంట నానబెట్టి వేయండి. కడిగిన పీచులో నత్రజని ఏమీ మిగలదు కాబట్టి యూరియా 4 గ్రాములు, డైఅమ్మోనియం ఫాస్ఫేట్ 2 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 1 గ్రాము చేర్చాలి. తర్వాత గాలి లోపలికి పోకుండా, లోపలి వాయువు బయటికి వచ్చేలా నీటి తాళం బిగించండి. మూత పూర్తిగా బిగిస్తే పాత్ర పగులుతుంది.

ఇప్పుడు పాత్రను మొత్తంగా, 1 గ్రాము తేడా పట్టే తూకపు యంత్రం మీద తూచి రాసుకోండి. పన్నెండు గంటలకోసారి మళ్లీ తూచండి. తగ్గిన బరువంతా బయటికి పోయిన కార్బన్ డయాక్సైడే. 44 గ్రాముల వాయువు పోతే 46 గ్రాముల ఇథనాల్ లోపల తయారైనట్టు. కాబట్టి తగ్గిన బరువును 1.045తో గుణిస్తే మూత తీయకుండానే ఇథనాల్ ఎంతో తెలుస్తుంది. దీనికన్నా చవకైన, నమ్మదగిన కొలత ఈ పనిలో ఇంకొకటి లేదు. ముద్దలో తేలే హైడ్రోమీటర్ అసలే దండగ.

మనకు ఎంత తగ్గాలి? 340 గ్రాముల సెల్యులోజ్‌లో 80 శాతం తెగితే 300 గ్రాములకు పైగా గ్లూకోజ్. దాంట్లో ఈస్ట్ 92 శాతం మార్చితే ఇథనాల్ దాదాపు 143 గ్రాములు, వాయువు 137 గ్రాములు. మొదటి రోజే సగానికి పైగా తగ్గి, 72 గంటలకు తూకం నిలబడిపోతుంది.

మధ్యలో, 40 గ్రాముల దగ్గరే ఆగిపోయిందనుకోండి. కొంచెం రసం తీసి గ్లూకోజ్ చూడండి. గ్లూకోజ్ దాదాపు సున్నా అయితే ఈస్ట్ ఆకలితో ఉంది, తప్పు ఎంజైమ్‌ది, లేదా సరిగా ఉడకని పీచుది. గ్లూకోజ్ నిండుగా ఉంటే తప్పు ఈస్ట్ వైపు: వేడి ఎక్కువైందా, ఉప్పు మిగిలిందా, నత్రజని వేశారా అని వెతకాలి. పీహెచ్ 4 కన్నా దిగి పుల్లటి వాసన వస్తుంటే లాక్టిక్ బ్యాక్టీరియా చేరి చక్కెరను ఆమ్లంగా మారుస్తోంది. అప్పుడు కాపాడేందుకు పెద్దగా ఏమీ ఉండదు, ఉన్నదాన్ని వెంటనే డిస్టిలేషన్‌కు పంపడమే.

జైలోజ్ సంగతి. మామూలు ఈస్ట్ అయిన శాకరోమైసెస్ సెరివిసియే దాన్ని ముట్టదు. షెఫర్సోమైసెస్ స్టిపిటిస్ అనే మరో ఈస్ట్ పులియబెడుతుంది గానీ, దానికి గాలి అతి కొద్దిగా అందుతూ ఉండాలి. ఎక్కువైతే ఇథనాల్‌ను అదే తినేస్తుంది, అసలు లేకపోతే పనిచేయదు. జన్యుమార్పు చేసిన ఈస్ట్‌లు పరిశ్రమలో ఉన్నాయి. చిన్న స్థాయిలో జైలోజ్‌ను వదిలేయడమే తెలివైన పని.

డిస్టిలేషన్

ముద్దను నేరుగా కాస్తే అడుగంటి మాడుతుంది. గుడ్డలో పిండి రసాన్ని వేరుచేయాలి, కానీ పిండాక మిగిలే పిప్పిని ఊరికే పారేయకండి. 220 గ్రాముల పొడి పిప్పి 25 శాతం ముద్దగా మిగిలితే అది దాదాపు 660 గ్రాముల రసం పట్టుకుని ఉంటుంది, అంటే మన ఇథనాల్‌లో ఏడో వంతు. అరలీటరు నీళ్లతో ఒకసారి కలిపి మళ్లీ పిండితే అందులో 40 శాతానికి పైగా వెనక్కి వస్తుంది. ఇక్కడ మాత్రం ఆ అరలీటరు నీళ్లు కక్కుర్తిపడకుండా పోయొచ్చు.

మొదటి విడతకు మామూలు కుండ, ఆవిరిని చల్లార్చే కండెన్సర్ చాలు. దాదాపు మొదటి పావు వంతు దిగేసరికి ఇథనాల్ మొత్తం వచ్చేస్తుంది. ఆవిరి దగ్గరి థర్మామీటర్ 99 చూపిస్తే ఆపేయొచ్చు. చేతికి లీటరు పైచిలుకు, బరువులో 10 శాతం దగ్గర ఇథనాల్ ఉన్న ద్రవం వస్తుంది. దీన్ని వెంటనే కాలమ్‌కు, అంటే రెండో విడతలో ఇథనాల్‌ను చిక్కబరిచే నిలువు గొట్టానికి, ఎక్కించకండి. కాలమ్ తనలోనే కొంత తడిపేసుకుంటుంది, ఒక్క కిలో గడ్డి సరుకు దానికే చాలదు. ఎనిమిది పది విడతలవి పోగేసి ఒకేసారి నడపాలి.

50 మిల్లీమీటర్ల వ్యాసం, మీటరు పొడవు గొట్టంలో స్టెయిన్‌లెస్ స్టీల్ జాలీ వదులుగా కూరితే మంచి కాలమ్ అవుతుంది. మొదటి అరగంట ఏమీ తీయకుండా పైకొచ్చిందంతా కిందికే వదలండి. ఆ తర్వాత నాలుగు వంతులు కిందికి వదిలి ఒక వంతు బయటికి తీసుకుంటూ నడపండి. ఇథనాల్, నీళ్లు కలిసి విడిపోకుండా మరిగే స్థానం 78.15 డిగ్రీలు. ఎత్తైన చోట్ల ప్రతి 300 మీటర్లకు దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది కాబట్టి అంకెను పట్టుకుని కూర్చోకండి, కదలకుండా నిలిచిందా అన్నది చూడండి. అర డిగ్రీ పెరిగిందంటే నీళ్లు పైకి వస్తున్నట్టే. తీయడం ఆపి మళ్లీ స్థిరపడనివ్వండి.

మంట వద్దు, కరెంటు హీటరే. గాల్లో ఇథనాల్ ఆవిరి 3.3 నుంచి 19 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది. పగటి వెలుతురులో ఆ మంట కంటికి దాదాపు ఆనదు కూడా. కాలమ్ పైకొస ఎప్పుడూ గాలికి తెరిచే ఉండాలి. కండెన్సర్‌కు నీళ్లు ఆగితే హీటర్ ఆగిపోయే ఏర్పాటు లేకుండా బట్టీని వదిలి పక్కకు వెళ్లకండి.

చివరి నీటిని తీయడం

ఎంత మంచి కాలమ్ అయినా బరువులో 95.6 శాతం దగ్గర ఆగిపోతుంది. పెట్రోల్‌లో కలపాలంటే ఆ మిగతా నీరు కూడా పోవాలి. దీనికి 3ఎ రకం మాలిక్యులార్ సీవ్ గుళికలు వాడతారు. వాటి రంధ్రాల్లోకి నీటి అణువు దూరుతుంది, ఇథనాల్ పట్టదు. 4ఎ రకం కొంటే రంధ్రం పెద్దది, ఇథనాల్ కూడా దూరి చోటు ఆక్రమిస్తుంది.

ఘనపరిమాణంలో 95 శాతం ఉన్న ఒకటిన్నర లీటర్ల ఇథనాల్‌లో 93 గ్రాముల దగ్గర నీరు ఉంటుంది. గుళికలు తమ బరువులో 15 శాతం నీరు పడతాయని లెక్కేసుకుని, కాస్త ఎక్కువగా 750 గ్రాములు తీసుకోండి. ముందు 250 డిగ్రీల దగ్గర 4 గంటలు ఆరబెట్టి, మూత బిగించిన పాత్రలో చల్లార్చాలి. వేయగానే నీరు పట్టేటప్పుడు వేడి పుడుతుంది, ద్రవం చేతికి వెచ్చగా తగులుతుంది. అందుకే కొద్దికొద్దిగా వేయండి. ఒక రోజు ఉంచి పైన తేరిన ద్రవాన్ని ఒంపుకోవాలి.

వాడిన గుళికలను అలాగే ఓవెన్‌లో పెట్టడం ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు. వాటి మధ్య చిక్కిన ఇథనాల్ మూసిన ఓవెన్‌లో ఆవిరై పేలుతుంది. ముందు నీళ్లతో రెండుసార్లు కడిగి, ఆరుబయట పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడే వేడి చేయాలి.

నీరు పోయిందో లేదో తేలికగా చూడాలంటే, తెల్లటి నిర్జల కాపర్ సల్ఫేట్ చిటికెడు వేయండి. నీలం రంగు తిరిగితే నీరుంది. 20 డిగ్రీల దగ్గర సాంద్రత 0.789 రావాలి. అన్నిటికన్నా పనికొచ్చే పరీక్ష, ఒక వంతు ఇథనాల్‌ను తొమ్మిది వంతుల పెట్రోల్‌తో సీసాలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టడం. మబ్బుగా మారినా, అడుగున విడి పొర కట్టినా ఇంకా నీరు మిగిలి ఉంది. 10 శాతం ఇథనాల్ మిశ్రమం 15 డిగ్రీల దగ్గర అరశాతం నీటినే భరిస్తుంది, అంతకు మించితే నీళ్లతో పాటు ఇథనాల్ కూడా అడుక్కి దిగిపోతుంది. ఆ అడుగు పొర ఇంజన్‌లోకి పోతే ఇక చెప్పేదేముంది.

నిల్వ, మిగులు

ఇథనాల్ గాల్లోని చెమ్మను పీల్చుకుంటుంది. అంచు దాకా నింపి గట్టిగా మూత బిగించిన స్టెయిన్‌లెస్ స్టీల్ లేదా గట్టి రకం పాలిథిన్ డబ్బాల్లో ఉంచండి. అల్యూమినియం, జింకు పూత డబ్బాలు వద్దు, పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి పగుళ్లిస్తాయి. ఒక లోహపు డబ్బా నుంచి మరోదానిలోకి ఒంపేటప్పుడు రెంటినీ తీగతో కలిపి భూమికి కలపండి. నిల్వ ఉంచేదాంట్లో నిబంధనల ప్రకారం పెట్రోల్ లాంటిది కలిపి తాగడానికి వీల్లేకుండా చేయాల్సి ఉంటుంది.

లీటరు ఇథనాల్‌లో 21 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది, పెట్రోల్‌లో 32 దగ్గర. కిలో ఇథనాల్ మండడానికి 9 కిలోల గాలి చాలు, పెట్రోల్‌కు 14.7 కావాలి. కాబట్టి పెట్రోల్ కోసం సర్దిన కార్బ్యురేటర్‌లో శుద్ధ ఇథనాల్ పోస్తే ఇంజన్‌కు ఇంధనం చాలక ముక్కుతుంది. తయారీదారు ఒప్పుకున్న శాతం వరకు కలుపుకోవడమే మంచిది.

బట్టీలో మిగిలిన రసంలో వంద గ్రాములకు పైగా జైలోజ్, యూరియా, చచ్చిన ఈస్ట్ ఉంటాయి. బయోగ్యాస్ డైజెస్టర్‌కు అది మంచి మేత, పీహెచ్‌ను సున్నంతో 7కు తెచ్చి కొద్దికొద్దిగా పోయండి. పిప్పిలో ఎక్కువగా లిగ్నిన్ ఉంటుంది, ఎండబెట్టి పొయ్యిలో వాడొచ్చు. మొదట్లో పిండిన నల్లరసాన్ని మాత్రం కాలువలో వదలకండి. అందులో పీహెచ్‌ను 3 దాకా దించితే లిగ్నిన్ గోధుమ రంగు మడ్డిగా విరిగి అడుక్కి చేరుతుంది. ఆమ్లం నెమ్మదిగా పోయండి, నురుగు పొంగుతుంది, పాత్ర సగానికి మించి నింపకండి. మడ్డిని వడకట్టి ఎండబెట్టి, మిగిలిన ఉప్పునీటిని పీహెచ్ 7కు తెచ్చాకే శుద్ధికి పంపండి.